నగిషీ ఎవరిది? నిషేధం ఎవరికి?

2024 డిసెంబర్ 9న హైదరాబాద్ సచివాలయం ఆవరణలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆకుపచ్చ చీర, మెడలో గుండుపూసలు, హారం, ముక్కుపుడక, కాళ్లకు కడియాలు, మెట్టెలు. ఉద్యమ కాలంలో తయారైన పాత రూపానికి నెత్తిన కిరీటం, నడుముకు వడ్డాణం, చేతిలో బతుకమ్మ ఉండేవి. కొత్త రూపంలో కిరీటం లేదు, బతుకమ్మ లేదు. ఇగ చూడాలె లొల్లి! తల్లి కిరీటం గుంజుకున్నరని ఒక పార్టీ. తల్లి అంటే మన ఇండ్లల్ల అమ్మ లెక్క ఉండాలె గాని రాణి లెక్క ఎందుకని ఇంకో పార్టీ.

ఆ లొల్లిల వెలివాడను ఎవ్వరూ ఒక్క మాట అడగలే. అడగకపోయినా మేం చెప్తున్నం. కిరీటం ఉండాలా, ఊడాలా అన్నది మా కొట్లాట కాదు. ఆ నగను తయారు చేసిన చేయి ఎవరిది? దాన్ని పెట్టుకునే హక్కు ఎవరికి ఉండె, ఎవరికి లేకుండె? ఇయ్యాల అదే నగను బొమ్మల్లో, గోడల మీద, విగ్రహాల మీద పెట్టి 'తెలంగాణ అందం' అని చూపెడుతున్నప్పుడు వెనుకటి కష్టం, వెనుకటి నిషేధం ఎందుకు కనబడవు? మా కొట్లాట ఇది.

కళ ముచ్చట పట్నపోళ్లది, మనకు భూమి కావాలె, కూలి కావాలె, బొమ్మల సంగతి మనకెందుకని మన కార్యకర్తల్లోనే కొందరు అంటరు. అన్నలారా, అక్కలారా! చీర అంచు, మెడలో నగ, వాకిట్ల ముగ్గు, గోడ మీది రంగు - వీటి మీద కూడా భూమి మీద పెట్టినట్టే, బాయి మీద పెట్టినట్టే కాపలా పెట్టిన్రు. కాపలా పెట్టిన్రంటే అందులో విలువైనది ఏదో ఉన్నట్టే గదా!

ఇనుప నగల ధర్మం

మనుస్మృతి పదో అధ్యాయం ఏమన్నది? చండాలుని బట్టలు శవాల మీది బట్టలై ఉండాలన్నది. తినేది పగిలిన పాత్రల తినాలన్నది. నగలు ఇనుపవై ఉండాలన్నది. జాగ్రత్తగా చూడండి, నగలే వద్దని అనలేదు. ఇనుప నగ పెట్టుకొని తిరగాలన్నది. అది అందం కోసం పెట్టిన నగ కాదు, ఆనవాలు కోసం పెట్టిన నగ. పశువుకు వాత పెట్టినట్టు.

అది ఎప్పటిదో పాత ముచ్చట, ఇప్పుడు తవ్వుడెందుకంటరా? అయితే 1928 నాటిది చెప్తం. ఇండోర్ ప్రాంతంలో సుమారు 15 ఊర్ల అగ్రకులాలవాళ్లు బలాయీలనే అంటరాని కులానికి కట్టుబాట్లు పెట్టిన్రు. జరీ అంచు పాగా చుట్టొద్దు. రంగు అంచు, సోకు అంచు ఉన్న ధోవతి కట్టొద్దు. ఆడవాళ్లు బంగారం, వెండి సొమ్ములు పెట్టొద్దు. సోకైన లంగాలు, రవికలు తొడగొద్దు. కాని మా పెండ్లి ఊరేగింపుల ముందు మాత్రం మీరు వాయిద్యం వాయించాలె. బలాయీలు మేం ఒప్పుకోం అన్నరు. ఊరి బాయి నీళ్లు బంద్ అయినయి, పశువుల మేపు బంద్ అయింది, కొందరు ఊర్లు విడిచిపోవాల్సి వచ్చింది. ఈ సంగతినే అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాసి పెట్టిండు. బెత్తెడు రంగు అంచు కోసం మనుషులకు నీళ్లు బంద్ చేసిన్రంటే, అంచు చిన్న సంగతి ఎట్లయితది?

కేరళల ఇంకో తీరు. అక్కడ పులయ స్త్రీలు మెడలో రాతిపూసల దండలే వేసుకోవాలె, బంగారం, వెండి ముట్టొద్దు. 1915లో అయ్యంకాళి పిలుపు అందుకొని ఆ తల్లులు కొల్లం సభలో దండలు తెంపి కుప్ప పోసిన్రు. దాన్ని కల్లుమాల పోరాటం అంటరు. కల్లు అంటే వాళ్ల భాషలో రాయి. ఆ రాతిపూసల దండ ఇయ్యాల ఏ మ్యూజియంలనన్న అద్దాల పెట్టెల పెడితే 'గిరిజన ఆభరణం, ఎంత చక్కటి నమూనా' అని చూసేటోళ్లు మురుస్తరు. దాన్ని మోసిన మెడను అడిగితే గద దాని బరువు తెలిసేది!

1927 డిసెంబర్‌ల మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల్లోనే అంబేడ్కర్ మన ఆడవాళ్లను కూసోబెట్టి ప్రత్యేకంగా మాట్లాడిండు. మెడ నిండా దండలు, మోచేతుల దాకా కడియాలు మిమ్మల్ని అంటరానోళ్లని దూరం నుంచే పట్టిచ్చే గుర్తులు, తీసేయండి, చీర కట్టే తీరు మార్చండి అని చెప్పిండు. ఒక బారిస్టరు, అన్ని పనుల నడుమ, ఆడవాళ్ల కడియాల గురించి ఎందుకు మాట్లాడిండు? కులం ఒంటి మీద ఎక్కడెక్కడ కూసుంటదో ఆయనకు తెలుసు కాబట్టి.

గ్యాలరీల మన అమ్మ

ఇది మనసుల పెట్టుకొని ఇప్పుడు హైదరాబాద్ గ్యాలరీలల్లకు, పెద్ద హోటళ్లల్లకు పోదాం. గోడ మీద 'తెలంగాణ స్త్రీ' ఉంటది. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గీసిన స్త్రీలు దేశమంతటికీ తెలుసు. నల్లటి ఒళ్లు, రూపాయి బిళ్లంత ఎర్ర బొట్టు, నిండు రంగుల చీరలు, చెవులకు, ముక్కుకు, మెడకు సొమ్ములు. ఒకందుకు ఆయనకు దండం పెడుతం. రవివర్మ తెల్లటి దేవతలకు అలవాటైన కండ్లను నల్ల ఒళ్లు అందమే అని ఒప్పించిండు. పల్లె రంగులు మోటు రంగులు కావని నిలబెట్టిండు. అది చిన్న పని కాదు.

కాని అడగాల్సింది అడుగుతం. ఆ తీరు బొమ్మల్లో అంచు మీది ప్రతి గీతకు, గాజు మీది ప్రతి చుక్కకు ఎంత ఓపికో! ఆ చేతులకు నాటు వేసిన బురద మాత్రం ఎందుకు అంత అరుదు? మిరపకాయలు ఏరి మంటలు పుట్టిన వేళ్లు ఎందుకు కనబడవు? ఇగ ఆయనను చూసి గీసేటోళ్ల చేతుల్లోనైతే ఆ స్త్రీ ఒట్టి నమూనా అయిపోయింది. బొట్టు, సొమ్ము, చీర, చిలుక. ఆమెది ఏ వాడ, ఏ కులం అంటే 'తెలంగాణ' అంటరు. తెలంగాణ అనే కులం ఎక్కడున్నది? కులం చెప్పకపోవుడే కొనేటోళ్లకు సుఖం. అంబేడ్కర్ తీసేయమన్న కడియాలను బొమ్మల బజారు మళ్లా తొడిగిస్తున్నది, తొడిగి రేటు కడుతున్నది.

బోనాల బొమ్మలైతే చెప్పనే వద్దు. మొఖానికి పసుపు, చేతుల వేపమండలు, ఎగిరే జుట్టు. ఎంత రంగు! మహబూబ్‌నగర్ పల్లెల్లో దేవత పేరు మీద మా ఆడపిల్లల మెడలో కట్టిన జోగిని పూసలు కూడా నగనే గదా! 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ ఆ దురాచారం మీద ఆనాడే కొట్లాడిండు. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. రంగు చూసి బొమ్మ గీసినోళ్లు ఎందరో ఉన్నరు. ఆ పూసలు ఎవరు కట్టిన్రు, ఎందుకు కట్టిన్రు అని అడిగి గీసినోళ్లు ఎందరు?

అంచు మిగిలింది, కథ పోయింది

చేర్యాల పటం తీసుకోండి. ఎర్ర నేల మీద వరుసలు వరుసలుగా బొమ్మలు, చుట్టూ పూల తీగెల అంచు. గీసేది నకాషీలు. దాన్ని ఊరూరా తిప్పి కథ చెప్పేది ఆశ్రిత కులాలు. మాదిగలకు డక్కలోళ్లు జాంబపురాణం చెప్తరు. భూమి పుట్టుటకు ఆరు నెలల ముందే పుట్టినోడు జాంబవుడు, దేవుళ్లకన్న పెద్దోడు అని ఆ కథ. పటం ముందు కూసోని తెల్లందాక ఆ కథ ఇన్న మాదిగ పోరడు తెల్లారి దొర వాకిట్ల తల వంచుకొని నిలబడ్డా, లోపల ఒక మాట మెదులుతుంటది - నేను ముందటోన్ని. మాకు భూమి పట్టా లేదు, ఆ పటమే పట్టా.

ఇయ్యాల చేర్యాల బొమ్మకు జీఐ గుర్తింపు ఉన్నది. మంచిదే. గీసే కుటుంబాలకు నాలుగు పైసలు రావాలె. అవే బొమ్మలు ఇప్పుడు గోడ బిళ్లలు, మాస్కులు, తాళంచెవి గొలుసులు అయినయి. ఆఫీసుల్లో, హోటళ్లల్లో రాముని కథ, కృష్ణుని కథ, బతుకమ్మ ఆట, ఎడ్లబండి కనబడతయి. జాంబపురాణం పటం ఎన్ని గోడల మీద చూసిన్రు? మీరే చెప్పండి. ఎర్ర నేల ఉంచిన్రు, తీగెల అంచు ఉంచిన్రు. దేవుళ్లకన్న మేం పెద్దోళ్లం అన్న మాటను తీసేసిన్రు. కథ తీసేసినంక మిగిలే అంచునే వాళ్లు అలంకారం అంటున్నరు.

కథ చెప్పేటోని గతి ఏంది? సొరకాయ బుర్రలు, వెదురు, మైనంతో తయారైన పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మనిషి. 2024 మేలో ఆయన ఇల్లు కట్టేకాడ కూలి పని చేస్తున్నడని పత్రికలు రాసినయి. కిన్నెర గోడ మీది బొమ్మకు బాగుంటది, స్టేజీ మీద బాగుంటది. వాయించిన మనిషికి నెల గడవదు.

మా ఊరి ఎద్దు మెడ

దూరం ఎందుకు, మా ఊరి సంగతే చూడండి. మేళ్లచెరువుల శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర అయితది. ఎడ్ల పందేలు పేరుమోసినయి. పందెపు ఎద్దును ఎట్ల తయారు చేస్తరు? కొమ్ములకు రంగు, నుదుట కుచ్చులు, మెడల గజ్జెల పట్టెడ. ఆ తోలు పట్టెడ ఎట్ల పుట్టిందో చెప్తం. పచ్చి తోలును సున్నంలో నానేసి వెంట్రుక తీసి, లందల తంగేడు చెక్క నీళ్లల్ల రోజుల తరబడి ఊరబెట్టి, ఆ కంపుల నిలబడి తొక్కి, ఆరబెట్టి, కోసి, తోలు వారుతోనే కుట్టాలె. గజ్జెకు గజ్జెకు నడుమ ఎడం ఒక్క తీరుగ ఉండాలె. కొలబద్ద లేదు, కాయితం మీద గీత లేదు. ఆ ఎడం కుట్టేటోని కంట్ల ఉంటది, బొటనవేలు కింద ఉంటది.

అదే పని కాలేజీల చదివినోడు చేస్తే డిజైన్. మావోళ్లు చేస్తే మాదిగ పని. ఏడాదికి ఇన్ని గింజలు కొలిచి వెట్టి కింద రాసుకున్నరు. మోట కొట్టే తొండం, దొర కిర్రు చెప్పులు, ఎద్దు పట్టెడ - అన్నీ మా చేతులల్ల నుంచే. దొరకు కిర్రు చెప్పు కుట్టినోడు గడీ ముందు నుంచి పోతే సొంత చెప్పులు చేతుల పట్టుకొని పోవాలె. ఎద్దు మెడకు గజ్జెలు కట్టినోడు గుడి అరుగు ఎక్కనీకి లేకుండె. ఎద్దుకున్న సొమ్ము మనిషికి లేకుండె!

ఇంకో సంగతి. మా నేల కింద సున్నపురాయి ఉన్నది. అందుకే చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు లేచినయి. 2016లో మా మండలం నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లాల పడ్డది గాని దుమ్ము మాత్రం మా మీదనే పడుతున్నది. ఈ దిక్కు సిమెంటు పట్నం పోయి ఫ్లైఓవర్ అయితది. ఫ్లైఓవర్ స్తంభాల మీద డప్పు కొట్టే మనిషి బొమ్మ, బోనమెత్తిన ఆడమనిషి బొమ్మ, చుట్టూ ముగ్గు అంచు. సిమెంటు మా నేలది, బొమ్మల బతుకు మాది, కాంట్రాక్టు ఎవరిది? స్తంభం మీద డప్పు ఉంటే మన సంస్కృతి అంటరు. ఊర్ల చావుకు డప్పు కొట్టమని మావోళ్లు ఎదురు తిరిగితే సాంఘిక బహిష్కరణ పెడుతరు. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి బహుమతులు పంచుతరు. ముగ్గు పడకముందు ఆ బజారు ఊడ్చిందెవరు?

బొంత చెప్పే లెక్క

అయితే నగిషీలే వద్దంటున్నరా, ముగ్గులే వద్దంటున్నరా అని అడుగుతరు. కాదు. అసలే కాదు. నగిషీ వద్దన్నది మేం కాదు, వాళ్లే. అడాల్ఫ్ లూస్ అని ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు 1910లో ఉపన్యాసం ఇచ్చి అలంకారాన్ని నేరంతో పోల్చిండు. ఒళ్లంత పచ్చబొట్లు పొడిపించుకునే పపువా జనాన్ని నాగరికత రానోళ్ల కింద చూపెట్టిండు. పెద్ద చదువుల కళ చాన్నాళ్లు ఆ దారినే నడిచింది. కుట్టు, అల్లిక, పచ్చబొట్టు, ముగ్గు - ఇవి ఆడోళ్ల పని, పల్లెటోళ్ల పని, కళ కాదు. 1970లల్ల అమెరికాలో మిరియం షపీరో, జాయిస్ కోజ్లాఫ్ లాంటి స్త్రీ చిత్రకారులు ఎదురుతిరిగి, నమూనా కూడా కళే, కుట్టు కూడా కళే అని నిలబడ్డరు. అప్పటినుంచి గ్యాలరీలల్ల మళ్లా అలంకారానికి విలువ వచ్చింది. మరి అలంకారం చేసే చేతులకు వచ్చిందా?

అమెరికాలో అలబామా రాష్ట్రంల జీస్ బెండ్ అనే ఊరున్నది. అక్కడి నల్లజాతి స్త్రీలు బానిసల వారసులు. చిరిగిన ప్యాంట్లు, పాత అంగీలు ముక్కలు కోసి చలికి కప్పుకోను బొంతలు కుట్టిన్రు. 2002లో ఆ బొంతలను న్యూయార్క్‌ల విట్నీ మ్యూజియం గోడలకు కట్టి ప్రదర్శించిన్రు. చూసినోళ్లు ఇది ఆధునిక కళ అని నోరు తెరిచిన్రు. 2006లో తపాలా బిళ్లలు వచ్చినయి. 2007లో కుట్టిన స్త్రీలే ముగ్గురు, మా బొంతల మీద వచ్చిన సొమ్ముల మాకు న్యాయమైన వాటా రాలేదని కోర్టుకెక్కిన్రు. మరుసటేడు రాజీ అయింది. పొగడ్త మ్యూజియం గోడ మీద ఉండె, లెక్క కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చె. ఇది అర్థమైతే మన సంగతి అర్థమైనట్టే.

మన ఇండ్లల్ల బొంతలు లేవా? దొరసాని ఇచ్చిన పాత చీర, నాన్న చిరిగిన పంచె, పోరగాండ్ల అంగీ గుడ్డలు పొరలు పొరలుగా పరిచి, అంచులను నాలుగు దిక్కుల తిప్పి, అడ్డం ఒక కుట్టు, నిలువు ఒక కుట్టు. మనువు మనకు శవం మీది బట్ట రాసిండు. దొర మనకు పాతబట్ట ఇచ్చి అవమానం ఇచ్చిండు. మా అమ్మలు దాన్ని కోసి, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో తామే నిర్ణయం చేసి, తమ లెక్కల కుట్టుకున్నరు. బయట దేని మీదా నిర్ణయం లేని మనిషి నిర్ణయం చేసుకున్న జాగ అది. మేం నగిషీ అనేది దాన్ని.

ఇట్లనే మన ఉమ్మడి నల్లగొండ పద్మశాలి అక్కలను కూడా చూడాలె. పోచంపల్లి ఇక్కత్ చీర మీది నమూనా ప్రపంచమంతా మెచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ వచ్చింది. ఆ నమూనా పడాలంటే ముందు ఆసు పోయాలె. ఒక్క చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు ఇటు అటు ఆడాలని చెప్తరు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసిండు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చీర మీద చుక్క కనబడతది, చుక్క వెనుక భుజం కనబడదు. కనబడనిచ్చేదాక బహుజనులం ఒక్కటై అడగాలె.

మేం ఏం అడుగుతున్నం

ఒక హెచ్చరిక ముందే చెప్తం. చేతిపని గొప్పది కాబట్టి మీ పిల్లలు మీ కులవృత్తే చేయాలె అనేటోళ్లు కాచుకొని ఉన్నరు. 1953లో మద్రాసుల రాజాజీ, బడి పిల్లలు సగం పూట చదువు, సగం పూట తల్లిదండ్రుల పని నేర్చుకోవాలని పథకం తెచ్చిండు. పెరియార్ దాన్ని కులవిద్య అని కొట్లాడిండు. 1954లో రాజాజీ దిగిపోయిండు, పథకం పోయింది. 2023 సెప్టెంబర్‌లో కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంల 18 వృత్తులున్నయి, చెప్పులు కుట్టేది అందులో ఒకటి. పనిముట్టు ఇయ్యండి, అప్పు ఇయ్యండి, కాదనం. కాని మా పోరడు మళ్లా లందల దిగాలని మేం అడుగుతలేం. మా పోరడు ఆర్ట్స్ కాలేజీల సీటు సంపాదించాలె, వాళ్ల పోరడు తోలు కుట్టుడు నేర్చుకోవాలె. పని కులం నుంచి విడిపోయిన నాడే దాని అందం అందరిదైతది.

మా డిమాండ్లు నాలుగు.

ఒకటి, పేరు. సర్కారు పైసలతో ఏ గోడ మీద, ఏ స్తంభం మీద జానపద బొమ్మ వేసినా, ఆ కళ ఏ కులాల చేతులల్ల బతికిందో, ఇప్పుడు వేసిన మనిషి ఎవరో అక్కడే రాయాలె.

రెండు, కూలి. డప్పు, కిన్నెర, పటం, తోలుపని చేసేటోళ్లకు సర్కారు కార్యక్రమాలల్ల ఇచ్చేది భిక్ష కాదు. నైపుణ్యం ఉన్న పనికి రేటు ముందే రాసి ఇయ్యాలె. శాలువా కప్పి పంపుడు బంద్ కావాలె.

మూడు, బడి. మా ఊర్ల బడులల్ల డ్రాయింగు సార్లు ఏరి? మేం పంతుళ్లం, మాకు తెలుసు. లెక్కల నోటుబుక్కు వెనుక పేజీల బొమ్మలు గీసే పిల్లలు ప్రతి క్లాసుల ఉన్నరు. వాళ్లకు రంగుల డబ్బా లేదు, నేర్పే మనిషి లేడు. ముగ్గుల కోణాలు ఉన్నయి, బొంతల భిన్నాలు ఉన్నయి, తోలు పట్టెడల కొలతలు ఉన్నయి. వాటితో లెక్కలు చెప్పొచ్చు, కులం అంటగట్టకుండనే చెప్పొచ్చు.

నాలుగు, కథ. జాంబపురాణం పటాలను, ఆ కథలు చెప్పేటోళ్ల గొంతులను మ్యూజియంల దాచుడు కాదు, మన పిల్లల ముందు పెట్టాలె.

మన కళ ఏందని అడిగితే మేం వాడ మూలమలుపు చూపెడతం. నీలి కోటు, ఎర్ర టై, కండ్లద్దాలు, చంకల పుస్తకం, చాపిన వేలు. ఒంటి మీద ఒక్క నగ లేదు. ఇనుప నగ రాసినోళ్ల ముందు అంబేడ్కర్ అట్ల నిలబడ్డడు. ముక్కు సరిగ లేదు, వేలు పొడుగున్నది, అన్ని ఊర్లల్ల ఒకటే తీరుగ ఉంటయి, ఇదేం శిల్పం అని చదువుకున్నోళ్లు నవ్వుతరు. ఒకటే తీరుగ ఉండుడే దాని బలం. ముగ్గుల చుక్క పక్కన చుక్క పడ్డట్టు ఊరు పక్కన ఊరు, వాడ పక్కన వాడ. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌ల 125 అడుగుల విగ్రహం లేచింది, సంతోషం. దానికన్న ఎన్నో ఏండ్ల ముందే కూలోళ్లు చందాలేసుకొని పెట్టుకున్న సిమెంటు విగ్రహాలు ఈ నేల మీద వేలున్నయి. నగ లేని ఆ విగ్రహానికి వాళ్లు వేసిన నగ ఏందో తెలుసు గదా? చెప్పుల దండ. 1997 జులై 11న బొంబాయి రమాబాయి నగర్‌ల ఆ దండ చూసి రోడ్డెక్కిన మనోళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపి 10 మందిని చంపిన్రు. అలంకారం ఒట్టి సోకు అనేటోళ్లు ఆ 10 మంది ఇండ్లకు పోయి ఆ మాట అనాలె.

వచ్చే ఏప్రిల్ 14కు ప్రతి వాడల ఒక పని చేద్దాం. జెండాలు, దండలతోటి ఆగకుండ, బొంతలు కుట్టిన అవ్వలు, పట్టెడలు కుట్టిన తాతలు, డప్పు మూట కట్టిన అన్నలు, కథ చెప్పిన డక్కలోళ్లు - అందరి పేర్లు ఒక పుస్తకంల రాద్దాం. వాళ్ల పని విగ్రహం ముందట పరుద్దాం. పిల్లలతోటి ఆ పేర్లు గట్టిగ చదివిద్దాం. పేరు లేని నగిషీని మనమే ఇగ ఒప్పుకోవద్దు.

జై భీమ్!